పన్నెండో శాలువా

నాంపల్లి, హైదరాబాద్
9 నవంబర్ 2025

మాబెల్,

ఇరవై ఆరేండ్ల తర్వాత రాస్తున్న. బాగున్నవా, ఆరోగ్యమెట్లున్నది లాంటి మాటలు వద్దు. మన హాస్టల్ నర్మద మొన్న కాచిగూడ స్టేషన్లో కలిసింది. నువ్వు మెదక్‌లోనే, అదే మిషన్ కాంపౌండ్ ఇంట్లో ఉన్నవని, ఇంకా లెక్కలు చెప్తూ పిల్లల్ని ఏడిపిస్తున్నవని చెప్పింది. నీ ఫోన్ నంబర్ అడిగితే "ఆమెనడిగి ఇస్త" అన్నది. ఇంతవరకు ఇయ్యలేదు. అంటే నువ్వు వద్దన్నవన్న మాట. మనం ఎందుకు మాట్లాడుకుంటలేమో నాకైతే గుర్తు లేదు.

పని చెప్త. నాకు క్రోషియా నేర్పాలె. ఫిబ్రవరి ఇరవై రెండు లోపల ఒక శాలువా అల్లాలె.

నవ్వుకో. నవ్వినంక చదువు.

మా సమభావన వేదిక నీకు తెలిసిందే. నాంపల్లి స్టేషన్ రోడ్డులో మెట్లెక్కంగనే రెండు రూములు. దానికి నలభై ఏండ్లు నిండుతున్నయి. సభ, బ్యానరు, పదకొండు మందికి సన్మానం, పదకొండు జరీ శాలువలు. సమానత్వం, సమానత్వం అని ఇన్నేండ్లు గొంతులు చించుకున్నోళ్లం, ఆఖరుకు తేల్చింది ఏందయ్యా అంటే మనిషికొక శాలువా, ఒక అద్దాల పెట్టెలో ఇత్తడి కాగడా. శాలువా కప్పుడంటే మన దగ్గర గౌరవం కాదు మాబెల్, నోరు మూయించుడు. కప్పంగనే ఎంత పెద్ద విప్లవకారుడైనా పెండ్లిపిల్ల లెక్క తల వంచుకొని కూసుంటడు. ఆ శాలువా ఇంటికి పోయి బీరువాలో పడి, రెండేండ్లకు ఇంకొకని భుజమెక్కుతది. మా అధ్యక్షుడు పరశురాం గారి శాలువా మీద చట్నీ మరక నేను కండ్లార చూసిన. అదే మరకను తర్వాత ఒక కవిగారి భుజం మీద గుర్తుపట్టి, ఆ మరకకే నమస్కారం పెట్టిన.

జాబితా చదివిన్రు. అందులో శంకరమ్మ పేరు లేదు. ఇరవై ఏడేండ్ల సంది ఆఫీసు తాళం తీసేది, ఊడ్చేది, చాయ్ పెట్టేది, ప్రతి సభకు కుర్సీలు ఏసేది, తీసేది ఆమెనే. మోకాళ్లు పోయినయి, ఫిబ్రవరితో మానేస్తున్నది. ఆమె పేరు ఏదని అడిగిన. "ఆమె స్టాఫ్ కదా మేడం, కార్యకర్త కాదు" అన్నడు కార్యదర్శి కరుణాకర్. "జాబితా ప్రెస్సుకు పోయింది. శాలువలు కూడా పదకొండే చెప్పినం" అన్నరు పరశురాం గారు, అదేదో ప్రకృతి సూత్రం లెక్క.

నాకు మండింది. "మీ జరీ గుడ్డ ఎవరికి కావాలె? పన్నెండోది నేను నా చేతుల్తో అల్లి తెస్త" అన్న. ఎందుకన్ననో నాకే తెల్వదు. నేను జాకెట్టుకు హుక్కు కుట్టుకున్న మనిషిని కాదు. కరుణాకర్ వెంటనే మినిట్స్ బుక్కులో రాసుకున్నడు: 'సునంద గారు స్వహస్తాలతో అల్లిన శాలువా తెచ్చినచో శంకరమ్మ పేరు పన్నెండవదిగా చేర్చబడును.' రాసుకుంట నవ్విండు.

శాలువా లేకుంటే శంకరమ్మ ఆ దినం కూడ కుర్సీలేసి, స్టేజి దిగి, చాయ్ కెటిల్ దగ్గరికి పోతది. ఉన్న సంగతి ఇది.

నేర్పుతవా లేదా, ఒక్క ముక్కలో రాయి.

సునంద

మెదక్
17 నవంబర్

సునందా,

గుర్తు లేదా. మంచిది.

నేర్చుకోవచ్చు. షరతులు రెండు. ఫోన్ లేదు. ఫోన్లో నువ్వు ఎదుటివాళ్లను వాక్యం పూర్తి చెయ్యనివ్వవు, ఉత్తరమైతే చచ్చినట్టు చివరిదాకా చదవాలి. రెండోది, చెప్పింది చెప్పినట్టు చెయ్యాలి. చర్చ పెట్టకూడదు.

ఐదో నంబరు క్రోషియా సూది, నాలుగు పోగుల ఊలు కొను. సన్న దారం కొని గొప్పలకు పోవద్దు. దారానికి ఒక వదులు ముడి వేసి సూదికి ఎక్కించు. సూదికి దారం చుట్టి ముడిలోంచి లాగు. అది ఒక చైను. అట్లా ఇరవై రెండు వెయ్యి. ఇప్పుడు వెనక్కి తిరుగు. సూదికి ఒకసారి దారం చుట్టి, చివరి నుంచి నాలుగో చైనులో గుచ్చి, దారం పైకి లాగు. సూది మీద మూడు ఉచ్చులుంటాయి. దారం చుట్టి రెండు విడిపించు, మళ్లీ చుట్టి రెండు విడిపించు. ఇది డబల్. శాలువాకు ఇంతకంటే విద్య అక్కర్లేదు. వరస అయ్యాక మూడు చైన్లు వేసి తిప్పు. కొత్త వరసలో ఆ మూడింటినీ కలిపి ఒక కుట్టుగా లెక్కపెట్టాలి. ఈ వాక్యం కింద గీత గీసుకో.

వరసకు ఇరవై కుట్లు, మొత్తం పది వరసలు. ఆ ముక్క పోస్టులో పంపు. ఫొటో పనికిరాదు. ముక్క చేతికి రావాలి.

మాబెల్

నాంపల్లి
1 డిసెంబర్

మాబెల్,

ముక్క ఇందులోనే ఉంది. దాన్ని చూసి నవ్వే ముందు, దాని కోసం నేను పడ్డ పాట్లు విను.

అబిడ్స్ సందులో ఊలు దుకాణం. ఎర్ర రంగు అడిగిన. "ఎరుపు పోదమ్మా, మెరూన్ తీస్కోండి, ఫంక్షన్లకు మస్తుంటది" అన్నడు. "ఎరుపు పోదా? నలభై ఏండ్ల సంది మోస్తున్నం" అన్న. "అందుకే పోతలేదేమో" అన్నడు. మెరూనే తెచ్చిన. నిన్న ఆదివారం ఫుట్‌పాత్ మీద పుస్తకాల్లో క్రోషియా నేర్పే ఇంగ్లీషు పుస్తకం దొరికింది. అట్ట మీద ఒక తెల్లామె కుర్చీలో కూసోని, జీవితంలో ఒక్క కమిటీకి పోనట్టు హాయిగ నవ్వుతున్నది. అందులో బొమ్మల కంటే నీ ఉత్తరమే నయం.

నీ చైను మీద నాకు సైద్ధాంతిక అభ్యంతరం ఉంది, కానీ చర్చ వద్దన్నవు కాబట్టి మింగుతున్న. ఇంత చిన్న పనికి ఇంత వంగుడేంది? మెడ పట్టేసింది. ఆడదాన్ని మూల కూసోబెట్టే పనులన్నీ ఇట్లనే ఉంటయి. సరే, సరే, మింగుతున్నన్న కదా.

జీపీఓలో కౌంటర్ మీదున్న అమ్మాయి కవర్ నొక్కి చూసింది. "ఏముంది మేడం లోపల?" "చేతి పని" అన్న. జర తెరిచి చూపించమన్నది. చూపించిన. అటు తిప్పింది, ఇటు తిప్పింది. "గిన్నెలు తోముకునేదా?" అన్నది. వెనక క్యూ అంతా మెడలు సాపింది. "శాలువా ముక్క" అన్న. పాపం, మంచి పిల్ల. ముద్ర కొట్టి మెల్లగ చెప్పింది: "మా అత్త మంచిగ అల్లుతది మేడం. నేర్పియ్యమంటారా?"

శంకరమ్మకు ఈ సంగతి తెల్వదు. ఆఫీసులో అల్లుతుంటే చూసి, "ఉట్టి అల్లుతున్నవా సునందమ్మా? ఇప్పుడు ఉట్లెవరు కట్టుకుంటున్నరు?" అన్నది.

సునంద

మెదక్
8 డిసెంబర్

సునందా,

ముక్క అందింది. తీర్పు ఇది.

మొదటి మూడు వరసలు ఉరి బిగించినట్టున్నాయి, సూది మొన కూడా దూరదు. ఎవరితోనో కొట్లాడుతూ అల్లావు. నాలుగో వరస జల్లెడ. నిద్రపోయావు. ఆరు, ఏడు, ఎనిమిది వరసలు మాత్రం మనిషి అల్లినట్టున్నాయి. అప్పుడు నీ పక్కన ఎవరున్నారు? ఎవరున్నా సరే, వాళ్లనే పక్కన పెట్టుకుని అల్లు. తొమ్మిదిలో మళ్లీ ఎవరో వచ్చారు.

దారం వేలి మీదుగా జారాలి. దాన్ని పిడికిట్లో పట్టుకుంటున్నావు. అది నినాదం కాదు, ఊలు.

ఇక అసలుది మొదలుపెట్టు. వరసకు తొంభై కుట్లు. ప్రతి వరస చివరా లెక్కపెట్టాలి. ప్రతి వరసా.

మాబెల్

నాంపల్లి
4 జనవరి 2026

మాబెల్,

ముందు ఇది చెప్పు, నీకెట్ల తెలిసిందే? మొదటి మూడు వరసలు పరశురాం గారితో ఫోన్లో బ్యానర్ మీద కొట్లాడుకుంటనే అల్లిన. ఆ మంచి మూడు శంకరమ్మ పక్కన కూసోని చిక్కుడుకాయ తెంపుతున్నప్పుడు. తొమ్మిదోదానికి కరుణాకర్ వచ్చిండు. నువ్వు లెక్కల టీచరువా, సోది చెప్తవా?

సరే, ఇప్పుడు ఘోరం విను. ముప్పై నాలుగు వరసలు అయినయి. కింద నాలుగు జానల వెడల్పు. పైన రెండున్నర. మధ్యలో ఎవరూ కోసింది లేదు, ఎలుక కొరికింది లేదు. దాని ఆకారాన్ని పాత పేపర్ మీద గీసి, మడిచి ఇందులో పెట్టిన. కరుణాకర్ ఎత్తి పట్టుకొని చూసి, "మేడం, ఇది శాలువానా, గోచీనా?" అన్నడు. అన్నంక ఆరు వరసలు కోపంతో అల్లిన, అవి ఇంక సన్నబడ్డయి.

నాకు తోచింది చెప్త. ఊలు నాసిరకం అయ్యుండాలె. లేకుంటే సూది. మెడ నొప్పికి చెయ్యి ఒక పక్కకు గుంజుతుండొచ్చు. లెక్కపెట్టినవా అని అడగకు. లెక్కపెట్టుడు నా స్వభావం కాదు. మనుషుల్ని లెక్కపెట్టేది సర్కారు, గొర్లను లెక్కపెట్టేది దొర. నేను చూపుతో అల్లుతున్న.

ఇప్పేది మాత్రం లేదు. నెలరోజుల పని. ఇంకా నలభై తొమ్మిది రోజులే ఉన్నయి. పైన మెల్లగ కుట్లు పెంచుకుంట పోతే మళ్లీ నాలుగు జానలకు రాదా? మధ్యలో నడుము లెక్క ఉంటది, ఉండనీ. శాలువాకు నడుముండొద్దని ఏ శాస్త్రంలో ఉంది?

సునంద

మెదక్
12 జనవరి

సునందా,

ఊలు మంచిదే. సూది మంచిదే.

మొదటి వరసలో తొంభై ఉన్నాయి. ముప్పై నాలుగో వరసలో యాభై ఏడు ఉంటాయి, కావాలంటే ఇప్పుడు లెక్కపెట్టుకో. వరసకొకటి చొప్పున ముప్పై మూడు కుట్లు పోగొట్టావు. తిప్పేటప్పుడు వేసే మూడు చైన్లున్నాయి చూడు, అవి కుట్టులా కనబడవు. ఓ పక్కకు ఒరిగి అంచులో కలిసిపోతాయి. తిరిగి వచ్చేటప్పుడు వాటి నెత్తిన కూడా ఒక డబల్ వెయ్యాలి. నువ్వు అది కుట్టే కాదనుకుని దాటేస్తున్నావు. "జాబితల లేనామె కోసం కొట్లాడుకుంట అల్లుతున్నది, వరస చివర నిలబడ్డదాన్ని తనే ఇడిసిపెడ్తున్నది." ఇది నా మాట కాదు. ఎవరి మాటో చెప్తాను.

ఎందుకు మాట్లాడుకోవడం లేదో గుర్తు లేదన్నావు. జిరాక్సు పెడుతున్నాను. 1999, నీ మొదటి పెద్ద వ్యాసం. మూడో పేరా చదువు: 'మెదక్‌లో ఒక కమలకుమారి ఉంది. పొద్దస్తమానం తల వంచి లేసు అల్లుతుంది. తన గొలుసును తానే అల్లుకుంటున్నదన్న ఎరుక కూడా లేని అమాయకురాలు.' వారం రోజులు మా ఇంట్లో ఉండి, మా అమ్మ చేతి అన్నం తిని, వెళ్లి ఇది రాశావు. పాస్టరమ్మ గారే పత్రిక తెచ్చి అమ్మకు చదివి వినిపించింది. కాంపౌండ్ మొత్తం విన్నది.

లేసు ఏజెంట్ల దోపిడీ గురించి నువ్వు రాసింది అక్షరాలా నిజం. ఆ ఏజెంటు చేతిలోంచి గేటు దగ్గర సంచి గుంజుకుని, పద్నాలుగు మంది ఆడవాళ్లను వెంటేసుకుని, నీ లేసు నువ్వే అల్లుకోపో అన్న మనిషి మా అమ్మే. అది నీ వ్యాసంలో లేదు. అమ్మ ఆ రోజు ఒకటే మాట అన్నది. "వారం దినాలు మనింట్ల ఉన్నది గదా మాబీ. తల వంచుకొని ఏం ఆలోచిస్తున్నవమ్మా అని ఒక్కపాలన్న నన్ను అడిగిందా?" తర్వాత ఏడాది సూది ముట్టలేదు.

ఇంకొకటి. నాకు క్రోషియా రాదు. ఒక్క చైను కూడా రాదు. నీకు ఇన్నాళ్లుగా నేర్పుతున్నది ఆ అమాయకురాలే. ఎనభై మూడేళ్లు. చూపు ఆనదు. నీ ముక్కను వేళ్లతో చదివి, నీ కొట్లాటలన్నీ చెప్పింది. నేను రాస్తున్నది ఆమె చెప్పినదే. వెటకారం మాత్రం నాది.

ఆమె ఆఖరి మాట: "మొత్తం ఇప్పెయ్యమను."

మాబెల్

నాంపల్లి
20 జనవరి

మాబెల్,

నాలుగు ఉత్తరాలు రాసి చింపిన. నాలుగింట్లోనూ రెండో వాక్యం 'అయినా' అనే మొదలైంది. ఇది ఐదోది. పెద్దామెకు చదివి వినిపించు.

కమలమ్మ గారూ, నేను అడగలేదు. తప్పు నాదే.

ఇంకేమన్న రాస్తే మళ్లీ 'అయినా' వస్తది. అందుకే ఆపుతున్న.

యాభై ఏడే ఉన్నయి. రెండుసార్లు లెక్కపెట్టిన.

మొన్న ఆఫీసులో ఎవరూ లేనప్పుడు అల్లిందంత ఇప్పబట్టిన. ఊలు కుప్ప పడి చిక్కులు పడుతుంటే శంకరమ్మ వచ్చి, "ఆగు, అట్ల గాదు" అని రెండు చేతులు ముందుకు చాపింది. నేను ఇప్పుతుంటే ఆమె చేతులకు చుట్టుకున్నది. ముప్పై నాలుగు వరసలు, నెలరోజుల కోపం, ఒక గంటలో ఆమె ముంజేతుల మీదికి పోయింది.

"ఎవలకిది?" అన్నది.

"నీకే" అన్న. ఇంక దాచి ఏం లాభం? సభ, మినిట్స్, పన్నెండో పేరు అన్నీ చెప్పిన. సంతోషపడ్తదనుకున్న. ఆమె ఊలు చుట్టిన చేతులు అట్లనే పట్టుకొని నన్ను చూసింది.

"నాకెందుకు బిడ్డా? రగ్గులు రెండున్నయి."

మెదక్ నుంచి నీ ఉత్తరం రాకుండ ఉంటే, అప్పుడు నేను ఆమెకు గౌరవం, గుర్తింపు అంటే ఏందో అరగంట చెప్పి ఉండేదాన్ని. నోటిదాకా వచ్చింది. మింగి అడిగిన. "మరి నీకేం కావాలె శంకరమ్మా?" ఇరవై ఏడేండ్లలో మొదటిసారి.

ఆలోచించలేదు. ముందే అనుకొని పెట్టుకున్నట్టు చెప్పింది. "కుర్సీ. ఇన్నేండ్ల సంది స్టేజి మీద ఏస్తున్న, ఎప్పుడన్న ఒక్కపాలి కూసున్ననా? ఒక్కదినం అండ్ల కూసుండి, మీరందరు ఆడికెల్లి ఎట్ల కనబడ్తరో చూస్త. అంతే."

ఆమె కోసం సభలో మాట్లాడేటందుకు నేను పన్నెండు పేజీల ఉపన్యాసం సిద్ధం చేసుకోవాలె. మినిట్స్‌లో శాలువా తెచ్చినచో అనే ఉంది. అందుకని శాలువా కూడా కావాలె. ముప్పై మూడు రోజులున్నయి. శంకరమ్మ తనకు కూడ నేర్పమంటున్నది. ఏం చెయ్యాలె?

సునంద

మెదక్
28 జనవరి

సునందా,

ఉత్తరం అమ్మకు రెండుసార్లు చదివాను. రెండోసారి ఆమే చదవమంది. ఆ తర్వాత అన్నది ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"ఇప్పిందా? మొత్తం ఇప్పిందా? అయితే మంచిదే. ఆమెకు గూడ సూది ఇయ్యమను, ఒక వరస ఈమె, ఒక వరస ఆమె. గడువుకు కాకుంటే కాకపాయె. గాభరా పడి అల్లితే మళ్ల గోచీనే అయితది."

గోచీ మాట నేనే చెప్పాను. పగలబడి నవ్వింది. ఇరవై ఆరేళ్లలో నీ పేరు మీద ఈ ఇంట్లో ఎవరైనా నవ్వడం ఇదే మొదలు.

పన్నెండు పేజీలు ఎవరు వింటారే?

మాబెల్

నాంపల్లి
23 ఫిబ్రవరి

మాబెల్,

నిన్న సభ అయిపోయింది. చెప్త, మధ్యలో ఆపకు.

శాలువా కాలేదు. డెబ్బై రెండు వరసలు, సగం కంటే కొంచెం ఎక్కువ. కింద నాలుగు జానలు, పైన నాలుగు జానలు. పొద్దున హాలుకు పోతుంటే సంచిలో ఆ సగం శాలువా, సూది, ఊలుండ, పన్నెండు పేజీలు. మెట్ల మీదనే కరుణాకర్ తగిలిండు. సంచిలోకి తొంగి చూసి, "మినిట్స్‌లో శాలువా అని ఉంది మేడం. సగం శాలువా అని లేదు" అన్నడు. సగం మనిషిని మనిషి కాదంటవా, సగం విప్లవాన్ని ఏమంటవు అని నేను అందుకున్న. అట్ల మెట్ల మీద ఇరవై నిమిషాలు అయింది. లోపల సభ మొదలైన సంగతి ఇద్దరికీ తెల్వదు.

పోయి చూస్తే స్టేజి మీద పదకొండు మంది పెద్దలు కూసున్నరు. పన్నెండో కుర్సీలో, ఆ చివర, శంకరమ్మ కూసున్నది.

ఎవరూ పిలవలేదు మాబెల్. ఎవరూ తీర్మానం చెయ్యలేదు. పొద్దున్నే కుర్సీలు ఏసింది ఆమెనే కదా. పన్నెండు ఏసింది. మా వేదికలో ఒక్కడు కూడ కుర్సీలు లెక్కపెట్టలేదు. అందరూ ఎక్కి కూసున్నంక ఒకటి మిగిలింది. ఆమె మెల్లగ మోకాళ్లు పట్టుకుంట ఎక్కి, కొంగు సర్దుకొని కూసున్నదట. దిగమని చెప్పే మొగోడు లేడు, ముందు వరసలో ఫొటోలు తీసేవాళ్లున్నరు. నేను స్టేజి పక్క నుంచి సంచి అందించిన. ఆమె సగం శాలువా ఒళ్లో పరుచుకొని అల్లుడు మొదలుపెట్టింది.

పరశురాం గారి అధ్యక్షోపన్యాసం యాభై నిమిషాలు. ఆమె రెండు వరసలు చేసింది. శ్రమజీవుల పాత్ర అనే కాడికి వచ్చేసరికి ఊలుండ ఒళ్లోంచి జారి, దొర్లుకుంట పోయి, ఆయన చెప్పుల మధ్య ఆగింది. ఆయన ఒక అడుగు ముందుకేసిండు. దారం కాలికి చుట్టుకున్నది. శంకరమ్మ లేవలేదు. "సారూ, జర కాలు లేపు" అన్నది. ఆయన ముందు మైకు ఉండె. హాలంతా ఇనబడ్డది. మా అధ్యక్షుడు, నలభై ఏండ్ల పోరాట యోధుడు, ఉపన్యాసం ఆపి, ఒక కాలు లేపి, కొంగ లెక్క నిలబడ్డడు. ఆమె తీరుబడిగ దారం చుట్టుకునే దాక ఆ కాలు దించలేదు. చప్పట్లు కొట్టింది నేనే మొదలు, ఒప్పుకుంటున్న.

పదకొండు మందికి జరీ శాలువలు కప్పిన్రు. ఒక్కొక్కరూ తల వంచుకొని కూసున్నరు. ఫొటోల కోసం ఆఖరుకు పరశురాం గారే ఈమె దగ్గరికొచ్చి, ఆ ఒళ్లో ఉన్నదే కప్పుతమని చెయ్యి చాపిండు. "ఇంక కాలే, ఆగున్రి" అన్నది. మరి ఒక్క మాట మాట్లాడమని మైకు ఇచ్చిన్రు. అటు ఇటు చూసి ఇంత మాట అన్నది: "ఈడికెల్లి మీరు మంచిగనే కనబడ్తున్నరు. ఎనక వరసల సగం మంది పండుకున్నరు. నేను చాయ్ ఆలస్యం చేసినప్పుడల్ల ఎందుకు తిట్టిన్రో ఇప్పుడు సమజయింది."

నా పన్నెండు పేజీలు సంచిలోనే ఉన్నయి. వాటిల్లో ఇందులో సగం కూడ లేదు.

కమలమ్మ గారికి చెప్పు, మార్చిలో మెదక్ వస్త. రాసుకునేటందుకు కాదు. ఒక ప్రశ్న బాకీ ఉంది, అడిగిపోయేటందుకు. ఆమె రావొద్దంటే రాను. నువ్వు వద్దంటే మాత్రం వస్త.

శంకరమ్మ పక్కనే ఉంది. తన మాట కూడ రాయమంటున్నది. ఆమె చెప్పినట్టే రాస్తున్న:

"కమలమ్మక్కా, దండం. నేను అల్లిన వరసలు ఒకటికి రెండుపాల్లు లెక్కపెట్టిన, తొంభై ఉన్నయి. సునందమ్మవి ఒక్కోదాంట్ల ఎనభై తొమ్మిదే వస్తున్నయి, నేనే సర్దుతున్న. ఆమెకు చెప్పకు, ఆమెనే రాస్తున్నది గదా, రాసుకోనీ. అయిపోయినంక ముడి ఎట్ల ఏసి ఆపాలెనో జెప్పు. తొందరేం లేదు. ఆ కుర్సీ ఇంటికి తెచ్చుకున్న. అండ్ల కూసునే అల్లుతున్న."

సునంద